టెక్సస్ సరస్సుల్లో మోటారు బోట్ల చలికాలపు సంరక్షణ

చలికాలంలో వాడకుండా పక్కన పెట్టే మోటారు బోటు ఇంజన్‌లో, గొట్టాల్లో, పంపుల్లో నీరు మిగిలితే అది గడ్డకట్టి వాటిని పగలగొడుతుంది. అలా జరగకుండా, ఇంధనం చెడకుండా, బ్యాటరీ పాడవకుండా ముందుగా చేసే పనులన్నిటినీ కలిపి బోటు యజమానులు వింటరైజేషన్ అంటారు. మిన్నెసోటా, మిషిగన్ వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది ఏటా జరిగే తంతు. శరత్కాలంలో బోటును ఒడ్డుకు చేరుస్తారు, ఇంజన్‌కు చేయవలసిందంతా చేస్తారు, పట్టా బిగించి వసంతం దాకా దాని జోలికి పోరు. సరస్సే గడ్డకట్టిపోతుంది కనుక మరిచిపోయే వీలు లేదు. టెక్సస్‌లో పరిస్థితి వేరు. జనవరిలో ఒక మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ కాస్తుంది; రెండు రోజులు తిరక్కుండానే తెల్లవారుజామున నల్లాల్లో నీరు గడ్డకడుతుంది. చలి తక్కువగా ఉండే చోట బోటుకు ప్రమాదం తక్కువనుకోవడం సహజం. బీమా సంస్థల అనుభవం మాత్రం అందుకు విరుద్ధంగా ఉంది.

బోటు యజమానుల సంఘమైన బోట్‌యుఎస్ తన బీమా క్లెయిముల ఆధారంగా ఏళ్ల తరబడి ఒక మాట చెబుతూ వస్తోంది. నీరు గడ్డకట్టి ఇంజన్లు పగిలిన కేసుల్లో కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా, అలబామా వంటి వెచ్చని రాష్ట్రాల వాటా ఎక్కువ. చలి ఎక్కువైనందువల్ల కాదు, జాగ్రత్త తక్కువైనందువల్ల.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య లేదు. లంబసింగిలో పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకున్నా, గోదావరి లాంచీ ఇంజనుకు గాని హుస్సేన్ సాగర్ బోటుకు గాని లోపలి నీరు గడ్డకట్టే భయం ఎన్నడూ ఉండదు. డాలస్ శివార్లయిన ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్ సరస్సులు పట్టుమని గంట దూరం కూడా ఉండవు. సొంతంగా పాంటూనో స్కీ బోటో కొనుక్కున్నవారికి మన నేల అలవాట్లు ఇక్కడ అక్కరకు రావు.

సగటు చెప్పని సంగతి

డాలస్‌లో జనవరి సగటు పగటి ఉష్ణోగ్రత దాదాపు 14 డిగ్రీల సెల్సియస్. రాత్రి సగటు రెండు మూడు డిగ్రీలు. అంటే సగటు ఎప్పుడూ సున్నాకు పైనే ఉంటుంది. తొలిసారి సున్నాకు దిగే రాత్రి మామూలుగా నవంబరు చివర్లో, ఆఖరిది మార్చి మధ్యలో వస్తాయి. కాని బోట్లు సగటుకు పగలవు, ఏడాదిలో వచ్చే ఒకటి రెండు రాత్రులకు పగులుతాయి.

కెనడా మైదానాల నుంచి టెక్సస్ దాకా చలిగాలిని ఆపే అడ్డుకొండ ఒక్కటీ లేదు. రాకీ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా ఉండటంతో ఆ గాలి వాటి పక్కనే తిన్నగా జారి వస్తుంది. ఇలా హఠాత్తుగా వచ్చే శీతల ప్రభంజనాన్ని స్థానికులు బ్లూ నార్తర్ అంటారు. 1911 నవంబరు 11న ఓక్లహోమా సిటీలో ఉష్ణోగ్రత ఒకే రోజులో 83 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 17కు, అంటే 28 సెల్సియస్ నుంచి మైనస్ 8కి పడిపోయింది. 1983 డిసెంబరులో డాలస్ దాదాపు 12 రోజులు ఏకబిగిన సున్నాకు దిగువనే ఉంది. 1989 డిసెంబరులో సముద్రతీరానికి దగ్గరగా ఉన్న హ్యూస్టన్‌లో సైతం మైనస్ 14 నమోదైంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో నమోదైన మైనస్ 19 అంతకు ముందు ఏడు దశాబ్దాల్లో ఆ నగరం చూడని చలి.

వీటి మధ్య ఎన్నో చలికాలాలు ఏమీ జరగకుండా గడిచిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. నాలుగేళ్లు ఏ జాగ్రత్తా తీసుకోకపోయినా ఇంజన్ బాగానే ఉంటే, యజమాని అయిదో ఏడు ఎందుకు తీసుకుంటాడు?

పగులు ఎలా వస్తుంది

నీరు మంచుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఫ్రీజర్‌లో మరిచిపోయిన గాజు సీసా ఎందుకు పగులుతుందో, పోత ఇనుముతో చేసిన ఇంజన్ బ్లాక్ కూడా అందుకే పగులుతుంది. పోత ఇనుముకు సాగే గుణం లేదు. ఒత్తిడి పెరిగితే చీలుతుంది. బ్లాక్ పక్కల ఉండే గుండ్రటి లోహపు బిళ్లలు ఊడి వచ్చి ఒత్తిడి తగ్గిస్తాయని, అందుకే వాటిని ఫ్రీజ్ ప్లగ్‌లు అంటారని చాలామంది నమ్మకం. నిజానికి అవి పోతపోసేటప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలిన రంధ్రాల మూతలు. ఒక్కోసారి ఊడి బ్లాక్‌ను కాపాడతాయి, ఎక్కువసార్లు అవి బిగిసే ఉంటాయి, బ్లాక్ చీలుతుంది.

ఒకటి రెండు గంటలు సున్నాకు కాస్త దిగువకు పోతే పెద్ద ఇంజన్‌కు సాధారణంగా ఏమీ కాదు. అంత ఇనుములో ఉన్న వేడి పోవడానికి సమయం పడుతుంది. అమెరికా వాతావరణ శాఖ హార్డ్ ఫ్రీజ్‌గా లెక్కించే 28 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 2 సెల్సియస్‌కు దిగి రాత్రంతా అక్కడే ఉంటే అసలు ప్రమాదం మొదలవుతుంది. ముందు పోయేవి పలుచటి భాగాలు: స్టీరింగ్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న కూలర్లు, నీటి పంపు తొడుగు, ప్లాస్టిక్ అతుకులు. తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డులు. ఆఖరున బ్లాక్.

వాతావరణ సూచనలో "గాలి వల్ల మైనస్ 15 అనిపిస్తుంది" అన్న అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. అది మనిషి చర్మానికి సంబంధించిన లెక్క. గాలి ఎంత వీచినా ఇంజన్‌ను అసలు ఉష్ణోగ్రత కంటే దిగువకు చల్లార్చలేదు. అయితే ఆ ఉష్ణోగ్రతకు త్వరగా చేరుస్తుంది. కనుక ఈదురుగాలి రాత్రి ఆ ఒకటి రెండు గంటల వెసులుబాటు తగ్గిపోతుంది. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా హైరానా పడతారు, మరి కొందరు అనవసరంగా ధీమాగా ఉంటారు.

బోటు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. నీటిలో తేలుతున్న బోటుకు కింద ఏడెనిమిది డిగ్రీల సరస్సు నీరు ఉంటుంది. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం కావడంతో పైన చల్లబడిన నీరు కిందికి దిగి, దానికన్నా వెచ్చటి నీరు పైకి వస్తూ ఉంటుంది. ఆ వెచ్చదనం బోటు అడుగు గుండా ఇంజన్ గదికి కొంత చేరుతుంది. ట్రెయిలర్ మీదో, నీటికి పైకెత్తిన లిఫ్ట్ మీదో ఉన్న బోటుకు ఆ అండ ఉండదు. చలిగాలి నాలుగు వైపులా తగులుతుంది. టెక్సస్‌లో ఎక్కువ బోట్లు ఇంటి పక్కన ట్రెయిలర్ మీద ఉండేవే.

ఏ బోటుకు ఎంత భయం

వెనక బిగించే ఔట్‌బోర్డ్ మోటారు ఉన్నవారు అదృష్టవంతులు. మోటారును నిలువుగా దించి ఉంచితే లోపలి నీరు దానంతటదే కారిపోతుంది. దాన్ని పైకెత్తి వదిలేయడం మాత్రం తప్పు. ప్రొపెల్లర్ నడిమి గొట్టంలో వాననీరు నిలిచి, గడ్డకట్టి, గేర్‌కేస్‌ను చీల్చగలదు. గేర్ ఆయిల్ తీసి చూడటం కూడా ఈ సీజన్‌లోనే చేయాలి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీలు పోయి నీరు చేరిందని అర్థం. ఆ నీరు కూడా గడ్డకడుతుంది.

ఇన్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ బోట్లలోనే అసలు కథ. కారు ఇంజన్ వంటి పెద్ద వీ8 బోటు మధ్యలోనో వెనకో కూర్చుని ఉంటుంది. సరస్సు నీటినే లోపలికి పీల్చుకుని, బ్లాక్ అంతా తిప్పి, బయటకు వదులుతుంది. ఇంజన్ ఆపాక ఆ నీరు చాలావరకు లోపలే నిలుస్తుంది. క్లోజ్డ్ కూలింగ్ ఉన్న ఇంజన్‌లో బ్లాక్‌లో తిరిగేది కూలెంట్ కనుక దానికి రక్షణ ఉంటుంది. అయినా ఆ కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో, పంపులో, చాలా మోడళ్లలో మానిఫోల్డుల్లో సరస్సు నీరే తిరుగుతుంది. "మాది క్లోజ్డ్ కూలింగ్, చేయాల్సిందేమీ లేదు" అనుకున్నవారికి వసంతంలో వచ్చే బిల్లు తక్కువేమీ కాదు.

వేక్‌బోర్డ్ బోట్లు మరీ చిక్కు. అలలు పెద్దవిగా లేపేందుకు వాటిలో నీటి బరువు తొట్లు, వాటికి పంపులు ఉంటాయి. చలిలో కూడా సరదా కోసం పెట్టిన హీటర్, వేడినీటి షవర్ ఇంజన్ నీటితోనే నడుస్తాయి. బ్లాక్ శుభ్రంగా ఖాళీ చేసి, డ్యాష్‌బోర్డు కింద దాగిన ఆ చిన్న హీటర్ కోర్‌ను మరిచిపోవడం మెకానిక్‌లు తరచూ చూసే పొరపాటు.

తీరప్రాంతపు గాల్వెస్టన్‌లో ఇంకో మెలిక ఉంది. ఉప్పునీరు సుమారు మైనస్ 2 దగ్గర గాని గడ్డకట్టదు. తుప్పు భయంతో ప్రతి ప్రయాణం తర్వాత మంచినీటితో ఇంజన్ కడిగేవారు, మంచి పని చేస్తూనే, సున్నాకే గడ్డకట్టే నీటిని లోపల వదిలి వెళతారు.

నీళ్లు దించడం

చదవడానికి ఇది సులువుగానే ఉంటుంది. ఇంజన్‌ను కాసేపు నడిపి వేడెక్కించాలి, ఆపాలి, స్టెర్న్‌డ్రైవ్ బోటైతే వెనక బయట ఉండే డ్రైవ్ భాగాన్ని పూర్తిగా కిందికి దించాలి, బ్లాక్ రెండు వైపులా, రెండు మానిఫోల్డుల అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్‌లు తీయాలి. నీటి పంపు గొట్టాలను కింది కొసల దగ్గర విప్పాలి. మెర్‌క్రూజర్ ఇంజన్లలో ఈ ప్లగ్‌లు నీలి రంగులో ఉంటాయి. కొన్ని మోడళ్లలో చేతి పంపుతో గాలి కొడితే అన్నీ ఒకేసారి తెరుచుకునే ఏర్పాటు కూడా ఉంది.

చేతికి అందని చోట, కళ్లకు కనబడని చోట తలకిందులుగా వంగి చేయాల్సి రావడమే కష్టం. అసలు మోసం మరొకటుంది. ప్లగ్ తీయగానే నీరు కొద్దిగా కారి ఆగిపోతే, ఖాళీ అయిందనుకుంటారు. ఇంజన్ లోపలి తుప్పు పెళ్లలు, ఇసుక ఆ రంధ్రానికి అడ్డం పడి ఉంటాయి. సన్న తీగతో లోపల పొడిస్తే మరో రెండు లీటర్లు భళ్లున వస్తాయి. ఇంజన్ పగిలిన కేసుల్లో "నీళ్లు దించాను" అని నిజాయితీగా చెప్పేవారు చాలామంది ఈ తీగ పని చేయనివారే. ట్రెయిలర్ వాలుగా ఉన్నా ఒక మూలన నీరు నిలుస్తుంది; ముందు దాన్ని సమంగా నిలపాలి.

తీసిన ప్లగ్‌లను సంచిలో వేసి స్టీరింగ్‌కు కట్టడం మంచి అలవాటు. అవి లేకుండా సరస్సులో దిగి ఇంజన్ వేస్తే, బయటికి పోవలసిన నీరు బోటు అడుగులోకే పోస్తుంది.

టెక్సస్‌లో బోట్ల నీరు దించడం ఇప్పటికే చట్టప్రకారం చేయవలసిన పని. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప జాతి బయటపడింది. అది సరస్సు నుంచి సరస్సుకు పాకకుండా, ప్రజా జలాశయాల నుంచి తీసుకువెళ్లే బోట్లలో నీరంతా దించాలన్న నిబంధన 2014 నుంచి రాష్ట్రమంతటా అమల్లో ఉంది. ఈ నిబంధన వల్ల చేపల తొట్టి, బోటు అడుగు ఖాళీ చేయడం అందరికీ అలవాటైంది. ఇంజన్ బ్లాక్ దాకా వెళ్లేవారు తక్కువ.

యాంటీఫ్రీజ్: ఎప్పుడు, ఏది

ఖాళీ చేసి వదిలేయాలా, తేలిగ్గా గడ్డకట్టని యాంటీఫ్రీజ్ ద్రవం నింపాలా అన్న వాదన మెకానిక్‌ల మధ్య ఎప్పటికీ తేలదు. గాలి గడ్డకట్టదు కనుక ఖాళీయే చాలునని ఒక పక్షం. తడి ఇనుముకు గాలి తగిలితే తుప్పు పడుతుంది, తుప్పును అరికట్టే గుణమున్న ద్రవం నింపాలని మరో పక్షం. మూడు నాలుగు నెలలు కదలని బోటుకు రెండోది మేలు. టెక్సస్‌లో చాలా బోట్లు అలా కదలకుండా ఉండవు. టెక్సోమాలో స్ట్రైపర్, లేక్ ఫోర్క్‌లో పెద్ద బాస్ చేపల వేట చలికాలంలోనూ సాగుతుంది. రెండు వారాలకోసారి సరస్సుకు వెళ్లేవారికి ప్రతిసారీ ఖాళీ చేయడమే ఆచరణకు తగ్గది. నవంబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా, ఇంటికి రాగానే, వాతావరణ సూచన చూడకుండానే ఖాళీ చేసే అలవాటు అన్ని ఉపాయాల కన్నా నమ్మదగింది. పది నిమిషాల్లో ఈ పని అయ్యేలా సులువుగా అందే కుళాయిలు బిగించుకోవడం ఖర్చుకు తగిన పనే.

యాంటీఫ్రీజ్ వాడితే ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే వాడాలి. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉండటంతో కుక్కలు నాకుతాయి, వసంతంలో అది సరస్సులోకే పోతుంది. గులాబీ రంగు సీసా మీద మైనస్ 50 ఫారన్‌హీట్ అని రాసి ఉంటే, అది గొట్టం పగలకుండా ఉండే హద్దు. అంతకు చాలా ముందే అందులో మంచు రవ్వలు కడతాయి. లోపల మిగిలిన నీటితో కలిస్తే దాని బలం ఇంకా తగ్గుతుంది.

బకెట్‌లోంచి యాంటీఫ్రీజ్‌ను పీల్పించి, ఎగ్జాస్ట్ నుంచి గులాబీ రంగు రాగానే ఆపేయడం అందరూ చేసే పని. చల్లటి ఇంజన్‌లో థర్మోస్టాట్ మూసి ఉంటుంది. ద్రవం బ్లాక్‌లోకి పోకుండానే పక్కదారిన బయటికి వస్తుంది. గులాబీ రంగు కనబడుతుంది, బ్లాక్‌లో మాత్రం సరస్సు నీరు అలాగే ఉంటుంది. అందుకే ముందు ఖాళీ చేయాలి, తర్వాతే నింపాలి.

హీటర్ల మీద ఆశ, 2021 పాఠం

నీళ్లు దించే శ్రమ తప్పించుకోవడానికి ఇంజన్ గదిలో చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టడం దక్షిణాదిలో బాగా వాడుకలో ఉంది. పెట్రోలు ఇంజన్ గదిలో మామూలు గది హీటరో, వేడెక్కే బల్బో పెట్టడం అగ్నిప్రమాదాన్ని పిలవడమే. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, బోటు అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గదుల కోసమే రవ్వలు రాకుండా తయారైన హీటర్లు వేరే ఉన్నాయి. అవి మామూలు చలి రాత్రులకు బాగానే పనిచేస్తాయి.

అయితే కరెంటు ఉంటేనే. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున విద్యుత్ గ్రిడ్ కుప్పకూలకుండా ఉండేందుకు, దాన్ని నడిపే ఎర్కాట్ సంస్థ రాష్ట్రమంతటా కోతలు విధించింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపార సంస్థలు చీకట్లో మగ్గాయి. చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. మంచు పట్టిన రోడ్ల మీద బోట్లు నిలిపే మెరీనాకు వెళ్లే దారీ లేదు. అతి చలి, కరెంటు కోత, దారి మూత ఒకే సమయంలో రావడం యాదృచ్ఛికం కాదు. చలి వల్లే మిగతా రెండూ వచ్చాయి. అంటే హీటర్ ఎప్పుడు తప్పనిసరో అప్పుడే అది పనిచేయకపోయే అవకాశం ఎక్కువ. హీటర్‌ను అదనపు రక్షణగా ఉంచుకోవచ్చు. దాని మీదే ఆధారపడి ఇంజన్‌లో నీరు వదిలేయడం మాత్రం జూదం.

మిగతా పనులు

పడక గది ఉన్న పెద్ద బోట్లలో తాగునీటి ట్యాంకు, వేడినీటి ట్యాంకు, టాయిలెట్, షవర్ పంపు, ఎయిర్ కండిషనర్ పంపు కూడా ఖాళీ కావాలి. నీటిలోనే ఉంచే బోటుకు సీ స్ట్రెయినర్ అనే వడపోత పాత్ర ఒక ప్రత్యేక ప్రమాదం. గడ్డకట్టినప్పుడు అది పగిలినా, మంచు అడ్డుగా ఉన్నంతసేపు తెలియదు. ఎండ వచ్చి కరిగాక సరస్సు నీరు లోపలికి ప్రవహిస్తుంది, బోటు రేవులోనే మునుగుతుంది. దాని కింది వాల్వు మూసి, పాత్ర ఖాళీ చేస్తే ఈ గొడవ ఉండదు. పైకప్పు ఉన్న రేవులు కూడా పూర్తి భరోసా కావు: 2013 డిసెంబరు మంచువానకు ఉత్తర టెక్సస్‌లో కొన్ని మెరీనాల కప్పులు ఆ బరువుకు బోట్ల మీద కూలాయి.

ఇంధనం విషయంలో చలి కన్నా కాలం ముఖ్యం. అమెరికా బంకుల్లో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది; మరీ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి విడివడి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంధనం చెడకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, అది ఇంజన్ దాకా చేరేలా పది నిమిషాలు నడపాలి. ట్యాంకును దాదాపు నిండుగా ఉంచి, ఎండకు వ్యాకోచించేందుకు కొంచెం చోటు వదలాలి. వాడిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి కనుక దాన్ని వసంతంలో కాక చలికి ముందే మార్చడం సరైన పద్ధతి. తుప్పు పట్టకుండా సిలిండర్లలో ఫాగింగ్ ఆయిల్ చల్లడం ఉత్తరాదిలో ఆనవాయితీ. నెలకోసారైనా నడిచే టెక్సస్ బోటుకు అంత అవసరం లేదు.

బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి వదిలితే టెక్సస్ చలి దాన్ని ఏమీ చేయలేదు. ఛార్జ్ పోయిన సీసపు బ్యాటరీలో ద్రవం దాదాపు నీరే కనుక అది గడ్డకట్టి డబ్బా చీలుతుంది. కొత్తగా వస్తున్న లిథియం బ్యాటరీలను సున్నాకు దిగువన ఛార్జ్ చేయకూడదు.

బీమా, వసంతం

గడ్డకట్టడం వల్ల కలిగే నష్టం అన్ని పాలసీల్లోనూ ఉండదు; చాలావాటిలో అదనపు ప్రీమియం కట్టి తీసుకోవాలి. అలా తీసుకున్నా, వింటరైజేషన్ చేయించినట్టు మెకానిక్ రసీదు అడగవచ్చు. సొంతంగా చేసుకునేవారు తేదీతో ఫొటోలు, కొన్న సామాన్ల రసీదులు దాచుకోవాలి. వర్క్‌షాప్‌లో ఈ పనికి కొన్ని వందల డాలర్లు అవుతాయి. ఇంజన్ మార్చాలంటే వేలల్లో.

పగులు ఎప్పుడూ బయటికి కనబడదు. బ్లాక్ లోపలి గోడ చీలితే నీరు ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే మార్చిలో బోటును సరస్సుకు తీసుకువెళ్లే ముందే ఇంటి దగ్గర ప్లగ్‌లన్నీ బిగించి, గొట్టంతో నీరు అందించి ఇంజన్ నడిపి చూడాలి. నీటి సరఫరా లేకుండా క్షణం కూడా నడపకూడదు. పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. పదిహేను నిమిషాల తర్వాత ఆపి డిప్‌స్టిక్ తీసి చూస్తే, ఆయిల్ తేటగా ఉందో, పాలు కలిపిన కాఫీ రంగుకు మారిందో తెలుస్తుంది. మారి ఉంటే మళ్లీ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవాలి. ఆ ఆయిల్‌తో నడిపిన ప్రతి నిమిషం బేరింగులను కూడా తినేస్తుంది.